2011 స్కార్పియో: చిన్న సమస్యలే, కానీ బాగు చేయించినా మళ్లీ వస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖమ్మం_డీజిల్:

అందరికీ నమస్కారం. మాది 2011 స్కార్పియో, ఎంహాక్ ఇంజను, టూ వీల్ డ్రైవ్. 2 లక్షల కిలోమీటర్లు దాటింది. నాన్నగారు ముచ్చటపడి కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇంజనుకి వంక పెట్టడానికి లేదు. పొగ లేదు, ఆయిల్ తాగదు, సూర్యాపేటలో హైవే ఎక్కితే ఇప్పటికీ హాయిగా లాగుతుంది. వయసుతో వచ్చిన చిల్లర సమస్యలే ప్రాణం తీస్తున్నాయి.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది పొద్దున సెల్ఫ్. కొన్ని రోజులు తాళం తిప్పగానే అందుకుంటుంది. కొన్ని రోజులు "టక్" అని ఒక్క శబ్దం, అంతే. రెండోసారో మూడోసారో తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ కొత్తది వేయించాను, కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలు. సెల్ఫ్ మోటారు విప్పించి బ్రష్‌లు మార్పించాను, మళ్లీ కొన్నాళ్లు బాగుంది, మళ్లీ అదే కథ.

ఎడమ హెడ్‌లైటు కుడిదానికంటే మసకగా ఉంటుంది. బల్బు మార్చినా అంతే. ఎడమ ఇండికేటర్ వేస్తే ఆ పక్క పార్కింగ్ బల్బు కూడా దాంతోపాటు కొట్టుకుంటోంది. వెనక ఎడమ తలుపు పవర్ విండో తనకి ఇష్టమైతే పనిచేస్తుంది. తలుపు గట్టిగా వేస్తే ఒక్కోసారి అద్దం కదులుతుంది. సెంట్రల్ లాక్ కూడా అప్పుడప్పుడు తనంతట తానే పడిపోతుంది.

వైరింగ్ కాకుండా ఇంకో రెండున్నాయి. గతుకుల్లో ముందు ఎడమ వైపు నుంచి "టకటక" శబ్దం. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే చెయ్యి) బుష్‌లు వేయిస్తే పోతుంది, ఏడాది తిరక్కుండానే తిరిగొస్తుంది. ఎండాకాలంలో ఎడమ సీటు ముందు కాళ్ల దగ్గర మ్యాట్ కింద తడి.

షెడ్డుకి వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక పార్టు మారుస్తున్నారు. "ఇక అమ్మేయ్" అని ఇంట్లో అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. పైగా అమ్మని ప్రతి నెలా హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు సెల్ఫ్ పడుతుందో లేదోనని రాత్రంతా టెన్షన్. ఆర్‌సీకి త్వరలో 15 ఏళ్లు నిండుతాయి, రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చూపించాలి కాబట్టి లైట్లు ఎలాగూ సరిచేయాలి. ఏది ముందు చూడాలి, ఏ వరసలో చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

విశాఖ_తీరం:

డైనమో ఛార్జింగ్ ఎంత వస్తోందో చూశారా? ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. లైట్లు, ఏసీ బ్లోయర్ అన్నీ వేసి చూసినా 13.5 కిందకి రాకూడదు. మాది సముద్రపు గాలి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటూనే ఉంటుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక గ్రీజు రాస్తాను. ముందు అది చూసుకుని తర్వాత మిగతావి ఆలోచించండి.

ఆటోనగర్_వైరింగ్:

ఖమ్మం సోదరా, నేను విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల వైరింగ్ పని చేస్తాను. విశాఖ గారు చెప్పిన రీడింగులు కరెక్ట్, ముందు అవి తీసుకోండి. కానీ మీరు రాసింది చదివాక, బ్యాటరీ, డైనమో రెండూ బాగానే ఉంటాయని నా నమ్మకం. సెల్ఫ్, ఎడమ హెడ్‌లైటు రెండూ ఒకే జాతి జబ్బు. కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారిలో లోపం, అంటే ఎర్తు.

ఆ పార్కింగ్ బల్బే అసలు విషయం చెప్పేస్తోంది. ఒక పక్క డూమ్‌లో (లైట్లన్నీ ఉండే గూడులో) ఉండే హెడ్‌లైటుకీ, పార్కింగ్‌కీ, ఇండికేటర్‌కీ మామూలుగా ఎర్తు వైరు ఒకటే. అది బాగుంటే కరెంటు బల్బు వెలిగించి బాడీలోకి దిగిపోతుంది. అది తుప్పుపడితే ఇండికేటర్ కరెంటుకి కిందకి దారి ఉండదు. పక్కనున్న పార్కింగ్ బల్బు ఫిలమెంటులోంచి వెనక్కి వెళ్లి, ఆ వైరు పట్టుకుని అవతలి లైట్ల ఎర్తు వెతుక్కుంటుంది. అందుకే రెండూ కలిసి కొట్టుకుంటాయి. బల్బులు ఎన్ని మార్చినా ఇది పోదు. సింకు కింద గొట్టం మూసుకుపోతే పైన కుళాయి మార్చి ప్రయోజనం లేదు కదా.

ఇక సెల్ఫ్. బ్యాటరీ మారిస్తే కొన్నాళ్లు బాగుంది, మోటారు విప్పి బిగిస్తే కొన్నాళ్లు బాగుంది అన్నారు. అక్కడే నాకు అనుమానం గట్టిపడింది. ఏ పార్టు మార్చినా టెర్మినళ్లు విప్పుతారు, కదుపుతారు, మళ్లీ బిగిస్తారు. ఆ కదలికకి తుప్పు కాస్త రాలి లోహం లోహానికి తగులుతుంది. కొత్త పార్టు వల్లే బాగైందని అందరూ అనుకుంటారు. వానాకాలం వచ్చేసరికి మళ్లీ పొర కడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఓమ్స్‌లో పెట్టి చూడొద్దు. చాలామంది అలాగే చూసి "ఎర్తు ఓకే" అనేస్తారు. ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. సెల్ఫ్ మోటారు డీజిల్ ఇంజనుని తిప్పేటప్పుడు సులువుగా 200 ఆంపియర్లు లాగుతుంది. దారిలో 0.01 ఓము అడ్డం ఉందనుకోండి. 200 ఇంటూ 0.01 అంటే 2 వోల్టులు అక్కడే పోయినట్టు. మన మామూలు మల్టీమీటర్ 0.1 కంటే తక్కువ ఓములు చూపించనే చూపించదు. ఎర్తు పట్టీలో (బ్యాటరీ మైనస్‌ని ఇంజనుకి కలిపే లావు వైరులో) నాలుగు పోగులే మిగిలినా మీటరు సున్నా అంటుంది, బజర్ మోగుతుంది. లోడు పడ్డప్పుడు ఎన్ని వోల్టులు పోతున్నాయో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇలా చేయండి. మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. నలుపు కడ్డీ బ్యాటరీ మైనస్ గుంజ మీదే ఆనించండి. క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసపు గుంజ మీద. ఎరుపు కడ్డీ ఇంజను బ్లాకు మీద పెయింటు లేని శుభ్రమైన చోట ఆనించండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి, మీటరు వైర్లు బెల్టుకి దూరంగా ఉండాలి. ఇప్పుడు ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఆ ఒకటి రెండు సెకన్లలో మీటరు 0.2, మహా అయితే 0.3 చూపించాలి. అర వోల్టు దాటితే పట్టీ గానీ, దాని చివర బోల్టు గానీ పాడైనట్టే. ఎర్తు సరిగానే ఉంటే ప్లస్ వైపు కూడా చూడండి: బ్యాటరీ ప్లస్ గుంజ నుంచి సెల్ఫ్ మోటారు మీది పెద్ద బోల్టుకి, సెల్ఫ్ కొడుతూ. అక్కడ అర వోల్టు లోపు రావాలి.

మీటరు లేకపోతే ఇంకో దారుంది. జంప్ స్టార్ట్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక చివర బ్యాటరీ మైనస్‌కి, ఇంకో చివర ఇంజను మీద గట్టి లోహానికి పట్టించండి. సెల్ఫ్ మొరాయించిన పొద్దునే ఇది చేసి చూడండి. అప్పుడు చురుగ్గా తిరిగితే పట్టీయే దొంగ.

లైటుకి కూడా పద్ధతి ఇదే. హెడ్‌లైట్లు వేసి, బల్బు సాకెట్ ఎర్తు పిన్ను నుంచి బ్యాటరీ మైనస్ గుంజకి చూడండి. 0.1, 0.2 దాకా పర్లేదు. 1 వోల్టు కనిపిస్తే బల్బుకి 12 బదులు 11 అందుతోందన్నమాట. వోల్టేజీ కొంచెం తగ్గినా ఫిలమెంటు బల్బు వెలుగు చాలా పడిపోతుంది, అందుకే మీకు కంటికి తేడా కనిపిస్తోంది.

రిపేరు పెద్ద ఖర్చు కాదు, కానీ ఓపిగ్గా చేయాలి. ముందు బ్యాటరీ మైనస్ తీయండి, చివర్లో అదే పెట్టండి. ఎర్తు బోల్టు విప్పి, రింగు కింద బాడీ మీద పెయింటు, తుప్పు పోయి లోహం మెరిసేదాకా ఎమరీ పేపరు కొట్టాలి. రింగు రెండు వైపులా కొట్టాలి, బోల్టు మరలు కూడా శుభ్రం చేయాలి. పట్టీ వంచి చూడండి. లోపల పచ్చగా, పెళుసుగా ఉంటే మార్చేయండి. కొత్తది పాతదానికంటే సన్నగా ఉండకూడదు. బిగించాక పైన గ్రీజు రాయండి. బిగించడానికి ముందే మధ్యలో గ్రీజు దట్టంగా పట్టించేస్తుంటారు, అలా వద్దు.

ఒక మాట అడగాలి. బండికి బయట ఫాగ్ లైట్లో, పెద్ద హారనో పెట్టించారా? ఉంటే వాటి ఎర్తు ఎక్కడ బిగించారో చూడండి. హెడ్‌లైటు ఎర్తు బోల్టు కిందే దూర్చి, దాన్ని వదులుగా వదిలేసిన బండ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

వెనక తలుపు అద్దం సంగతి వేరు. తలుపు వేస్తే పనిచేస్తోందంటే మోటారు జోలికి వెళ్లొద్దు. తలుపుకీ పిల్లర్‌కీ మధ్య నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది కదా, దాన్ని నెమ్మదిగా వెనక్కి లాగి వైర్లు ఒక్కొక్కటీ వేలితో వంచి చూడండి. ఏళ్ల తరబడి తలుపు తీసి వేస్తుంటే లోపల రాగి తెగిపోతుంది, పైన తొడుగు మాత్రం బాగానే ఉంటుంది. లాగితే సాగుతుంది. సెంట్రల్ లాక్‌కి డ్రైవర్ తలుపు దగ్గర ఇదే చూడండి, అన్నిటికంటే ఎక్కువసార్లు తెరిచేది అదే. అతికేటప్పుడు ఆ రబ్బరు లోపల టంకం వేయించొద్దు. టంకం వేసిన చోట వైరు బిరుసెక్కి, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. మెత్తటి పోగుల వైరు కాస్త పొడవుగా తీసుకుని, ఒక అతుకు తలుపు లోపల, ఒకటి పిల్లర్ లోపల వచ్చేలా వేయాలి. వంగే చోట అతుకే ఉండకూడదు.

నెల్లూరు_స్పానర్:

వైరింగ్ గురించి అన్న చెప్పాక నేను చెప్పడానికేమీ లేదు. శబ్దం గురించి రాస్తాను.

బుష్‌లు ఏడాది కూడా ఆగకపోవడానికి ఎక్కువసార్లు కారణం వాటిని బిగించే పద్ధతే. లోయర్ ఆర్మ్ బుష్‌లో బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒకటి, రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా ఛాసిస్‌కి పట్టుకుపోతుంది. చక్రం పైకీ కిందకీ ఆడినప్పుడు ఆ కదలికంతా రబ్బరు మెలితిరగడం ద్వారానే జరగాలి. షెడ్డులో బండిని జాకీ మీద లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టు ఫుల్‌గా బిగించేస్తారు. బండి కిందకి దించగానే రబ్బరు ఒక పక్కకి మెలితిరిగిపోతుంది. ఊరికే నిలబడి ఉన్నా అది మెలిక మీదే ఉంటుంది. ఇక గతుకుల్లో చీలిపోక ఏం చేస్తుంది?

కాబట్టి బోల్టులు చేత్తో పట్టించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, ముందుకీ వెనక్కీ కొంచెం నెట్టి, అప్పుడు గట్టిగా బిగించాలి. గొయ్యి ఉన్న షెడ్డయితే ఇది సులువు. మీరే దగ్గర నిలబడి చేయించండి.

అయితే అసలు శబ్దం బుష్‌దేనా అన్నది ముందు తేల్చుకోండి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా స్పీడ్ బ్రేకర్ మీద తిన్నగా, నెమ్మదిగా వెళ్లండి. తర్వాత ఎడమ చక్రం మాత్రమే గుంటలో పడేలా వెళ్లండి. రెండో దాంట్లోనే టకటక వస్తే స్టెబిలైజర్ లింక్ రాడ్డు మీద అనుమానం పడాలి. స్టెబిలైజర్ అంటే రెండు ముందు చక్రాలనీ కలిపే అడ్డ కడ్డీ, దాని చివర్లని పట్టి ఉంచేది లింక్. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ కడ్డీ మెలితిరగదు, లింక్ మీద లోడు పడదు. ఒక్క చక్రం లేచినప్పుడే పడుతుంది. రెండు సందర్భాల్లోనూ శబ్దం వస్తే షాక్ అబ్జార్బర్ పైన ఉండే రబ్బర్లు, ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింటు చూడాలి. బాల్ జాయింటు వదులైతే మాత్రం వాయిదా వేయొద్దు, అది శబ్దంతో పోయేది కాదు, చక్రమే పక్కకి పడిపోవచ్చు. కింద దూరి చూసేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండు పెట్టండి.

ఖమ్మం_డీజిల్:

అన్నలందరికీ చేతులెత్తి దండం. మీటరు కొనుక్కుని ఆదివారం మా తమ్ముడితో కలిసి కూర్చున్నాను.

బ్యాటరీ 12.5. ఇంజను నడుస్తుంటే 14.2, అన్నీ వేస్తే 13.9. అంటే డైనమో బాగుంది. సెల్ఫ్ కొట్టించి ఇంజను బ్లాకు దగ్గర చూస్తే 1.1 వోల్టులు! తమ్ముణ్ని మళ్లీ కొట్టమన్నాను, మళ్లీ అంతే. పట్టీ వెంట వేలితో తడుముకుంటూ వెళ్తే, ఇంజను వైపు చివర రింగు దగ్గర పోగులు సగానికి పైగా తెగి ఉన్నాయి. మిగిలినవి పచ్చటి పొడి. పైన నూనె, మట్టి పేరుకుపోవడంతో బయటికి అంతా బాగున్నట్టే కనిపించింది. కొత్త పట్టీ వేశాం, రెండు చివరలా ఎమరీ కొట్టాం. ఇప్పుడు 0.15 చూపిస్తోంది. సెల్ఫ్ తిరిగే శబ్దమే మారిపోయింది, బండి కొన్న కొత్తలో ఎలా ఉండేదో అలా ఉంది.

హెడ్‌లైటు దగ్గర ఆటోనగర్ అన్న రాసినట్టే ఉంది. హారన్ పెట్టినప్పుడు దాని ఎర్తు అదే బోల్టు కింద దూర్చారు, బోల్టు చేత్తో తిరిగేంత వదులు. హారన్‌కి వేరే చోట ఎర్తు ఇచ్చి, ఇది శుభ్రం చేసి బిగించాం. పార్కింగ్ బల్బు కొట్టుకోవడం ఆగిపోయింది.

వెనక తలుపు రబ్బరులో రెండు వైర్లు తెగి ఉన్నాయి, ఒకటి తెగడానికి సిద్ధంగా ఉంది. డ్రైవర్ తలుపు ఇంకా విప్పలేదు. శబ్దం ఒక్క చక్రం గుంటలో పడ్డప్పుడే వస్తోంది, లింక్ రాడ్డు చేత్తో పట్టుకుని ఊపితే కటకటమంటోంది. రెండు వైపులా ఆర్డరు పెట్టాను.

ఇక మ్యాట్ కింద తడి మిగిలింది. దానికి కార్పెట్ మొత్తం పీకాల్సిందేనా? ఇంకో సందేహం, బండి రెండు వారాలు కదపకపోతే బ్యాటరీ దిగుతోంది. ఇది కూడా ఎర్తేనా?

ఆటోనగర్_వైరింగ్:

చాలా సంతోషం సోదరా. 1.1 అంటే అన్నాళ్లు అది స్టార్ట్ అవడమే ఇంజను గొప్పతనం. అమ్మగారిని ధైర్యంగా తీసుకెళ్లండి.

తడి విషయం. ముందు ఆ నీటిని వేళ్ల మధ్య రాసి, వాసన చూడండి. నీళ్లలా ఉండి, వాసన లేకపోతే ఏసీ నీళ్లు. జిగురుగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం). అప్పుడు లోపలి హీటర్ గానీ, దానికి వెళ్లే గొట్టాలు గానీ కారుతున్నట్టు. అది వేరే పని, ఆలస్యం చేయకూడదు. కూలెంట్ లెవెల్ కూడా చూసుకోండి, ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. మీకు ఎండాకాలంలోనే వస్తోంది కాబట్టి ఏసీ నీళ్లే అయి ఉంటాయి. ఏసీ వేసి పావుగంట నిలబెట్టి బండి కిందకి తొంగి చూడండి. ఎడమ పక్క, ముందు గోడ కింద నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడాలి. పడకపోతే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయింది. దుమ్ము, ఎండుటాకులు బంకలా తయారై పట్టేస్తాయి. కింద నుంచి తక్కువ ప్రెషర్ గాలి కొట్టండి, లేదా మెత్తటి ప్లాస్టిక్ గొట్టం దూర్చండి. ఇనుప తీగ పెట్టి పొడవొద్దు, లోపల ఏసీ కాయిల్‌కి తగిలితే గ్యాస్ పోతుంది. కార్పెట్ మొత్తం పీకక్కర్లేదు, కానీ ఆ మూల ఎత్తి కింద స్పాంజి ఎండేదాకా ఎండలో ఉంచండి. తడి అలాగే ఉంటే కింద రేకు తుప్పుపడుతుంది, పక్కన వెళ్లే వైర్ల కనెక్టర్లు కూడా పాడవుతాయి.

బ్యాటరీ దిగడం ఎర్తు కాదు. బండి ఆపాక ఏదో కరెంటు తాగుతోంది. అన్నీ ఆపేసి, తలుపులు మూసి, లాక్ వేసి అరగంట ఆగండి, బండిలోని కంప్యూటర్ నిద్రపోవాలి. మైనస్ వైరుకీ బ్యాటరీకీ మధ్య మీటరుని 10 ఆంపియర్ల స్కేలు మీద సిరీస్‌లో పెట్టి చూడండి. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే ఫర్వాలేదు. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఏది తీస్తే పడిపోతుందో చూడాలి. ముందు బయట పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్ ఫ్యూజు తీసి చూడండి. మీటరు అలా పెట్టి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఫిట్‌నెస్‌కి వెళ్లే ముందు హెడ్‌లైట్ ఫోకస్ ఒకసారి సరిచేయించుకోండి. ఇన్నాళ్లూ మసకగా ఉంది కాబట్టి ఎవరైనా ఎడమ డూమ్‌ని పైకి ఎత్తి పెట్టి ఉండొచ్చు. ఇప్పుడు ఫుల్ వెలుగు వస్తోంది, అదే పొజిషన్‌లో ఉంటే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది.